లెక్క కోసం ఎక్కినవాళ్ళు

పొద్దుటి బండి ఎత్తేస్తారన్న మాట ఊళ్ళోకి ముందు పుకారుగా వచ్చింది. తర్వాత బొమ్మగా వచ్చింది. స్టేషన్ ఎదుటి గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో స్తంభాల మీద తెల్లటి గొట్టం, గొట్టంలో దూసుకుపోతున్న పెట్టె, పెట్టెలో నవ్వుతూ కాఫీ తాగుతున్న ఒక కుటుంబం. లోపల గాలి తీసేసిన గొట్టం కాబట్టి పెట్టెకు అడ్డేమీ ఉండదట, విమానం కన్నా ముందే పోతుందట. ఆ కుటుంబం కాఫీ ముగించేలోపు నగరం వచ్చేస్తుందని కింద రాశారు. అంత వేగంలో కాఫీ ఒలకదా అని అడిగినవాడు లేడు. దాన్ని కట్టబోయే కంపెనీ పెట్టిన పొడుగాటి పేరు ఎవరి నోటికీ పట్టక జనం దానికి గొట్టం అని పేరు పెట్టేసుకున్నారు.

చిక్కల్లా ఒకటే. ఆ స్తంభాలు పాతడానికి కంపెనీకి కావలసిన నేల రైలు పట్టాల కింద ఉంది. గొట్టం రావాలంటే పట్టాలు లేవాలి. ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికి పైవాళ్ళు ఒక కమిటీ వేశారు.

స్టేషన్ మాస్టరుకు ఆ బొమ్మ చూస్తేనే ఒళ్ళు మండేది. పొద్దున్నే ఆఫీసు తలుపు తీయగానే ఎదురుగా అదే. "కాఫీ తాగడానికి నగరం దాకా పోవాలా వీళ్ళు?" అని రోజుకోసారైనా అనేవాడు. వినేవాళ్ళు లేకపోతే గోడ గడియారంతో అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, కొంచెం గొప్పలు ఎక్కువ. "మా ఆయన రైలు శాఖలో పనిచేయడం లేదు, రైలు శాఖే మా ఆయన దగ్గర పనిచేస్తోంది" అని ఆయన భార్య చుట్టాల దగ్గర ఆటపట్టించేది. అందులో ఎగతాళి కన్నా గర్వమే ఎక్కువని అందరికీ తెలుసు.

నిజం చెప్పుకోవాలంటే ఆ బండి గురించి గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగే పెట్టెలు. పొద్దున నగరానికి పోతుంది, సాయంత్రం తిరిగొస్తుంది. పట్టాలు పాతబడ్డ చోట కిందికి దిగి పక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకోవచ్చన్నంత నెమ్మదిగా పోతుంది. ఎక్కినవాళ్ళు సీట్ల మీద కాళ్ళు చాపుకుని హాయిగా పడుకునేవాళ్ళు, పక్కన కూర్చునేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి. ఆ ఖాళీ చూసినప్పుడల్లా మాస్టరు మొహం తిప్పుకునేవాడు.

ఖాళీగా పోయినా ఆ బండి మీదే ఆధారపడ్డవాళ్ళు కొందరున్నారు. ఆసుపత్రిలో పనిచేసే ఆవిడ వాళ్ళలో ఒకరు. నగరంలోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు కడిగే గదిలో ఆమె పని. కత్తెరలు, పటకార్లు, చిన్న చిన్న కత్తులు నురగలో నానబెట్టి, వాటి సందులన్నీ బ్రష్షుతో రుద్ది, ఆవిరి పెట్టెలో ఉడికించి, గుడ్డలో చుట్టి పంపితే గానీ అక్కడ రోజులో మొదటి ఆపరేషన్ మొదలవదు. వేడినీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడతలు పడి తెల్లగా ఉండేవి. చాలా ఏళ్ళుగా టెంపరరీగానే చేస్తోంది. ఈ ఏడాది పర్మినెంటు చేస్తామన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. ఆర్డరు చేతికి వచ్చేదాకా ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాకూడదు. బస్సు ఊళ్ళన్నీ చుట్టి పోతుంది, వేళకు చేర్చేది ఈ బండి ఒక్కటే. చూపు తగ్గిపోయిన అన్నగారికి వండి పెట్టి, ఇల్లు సర్ది, అందరికన్నా ముందు వచ్చి చివరి బెంచీ మీద కూర్చునేది ఆవిడ.

వచ్చే వారం కమిటీ తరఫు మనుషులు వచ్చి మూడు రోజులపాటు బండిని పరిశీలిస్తారని పై ఆఫీసరు ఫోన్ చేశాడు. ఏం పరిశీలిస్తారో ఆయన చెప్పలేదు, మాస్టరు అడగలేదు. అడగాల్సిన అవసరమేముంది? ఆయన ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి పైవాళ్ళు ఈ స్టేషన్ గురించి అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎన్ని టికెట్లు తెగాయని. పట్టాలు అరిగిపోయాయని రాసినా, బాత్రూం తలుపు ఊడిందని రాసినా జవాబు రాలేదు. టికెట్లు తగ్గితే మాత్రం వెంటనే ఫోన్ వచ్చేది. కాబట్టి వచ్చేవాళ్ళు తలకాయలు లెక్కపెట్టడానికే వస్తారని ఆయన తీర్మానించేసుకున్నాడు.

ఆ సాయంత్రమే బావమరిదిని పిలిపించాడు. ఫ్యాన్లు బాగుచేసే ఈ బావమరిదికి గొంతు పెద్దది, ఊళ్ళో అందరూ మైకు అంటారు. ఏ పని చెప్పినా చిటికెలో చేస్తాడు, ఎందుకని మాత్రం ఆలోచించడు.

"ఒరేయ్, మూడు రోజులు బండి నిండాలిరా," అన్నాడు మాస్టరు.

"నాలుగు పెట్టెలే కదా బావా. మన చుట్టాలు చాలరూ? మీ మేనత్త ఒక్కావిడ ఎక్కితే సగం పెట్టె నిండుతుంది."

"పెద్దావిడని పట్టుకుని అలా అనొచ్చా," అంది మాస్టరు భార్య లోపల్నుంచి. అని, నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మాస్టరు క్వార్టర్సులో చుట్టాలందరూ సమావేశమయ్యారు. మేనత్త, పిన్నీ బాబాయిలు, తోడల్లుడు, ఆయన వియ్యపువాళ్ళు, ఎవరికి ఏమవుతారో ఎవరికీ సరిగ్గా తెలియని మరికొందరు. కుర్చీలు చాలక కొందరు మంచాల మీద సర్దుకున్నారు. పొద్దున్నే లేచి ఊరికే నగరం పోయి సాయంత్రం రావడమంటే అందరూ ముందు మొహాలు చిట్లించారు. తోడల్లుడైతే, పెట్టెల్లో ఫ్యాన్లు తిరుగుతాయా అని ఆరా తీశాడు. "నువ్వు మాస్టరువై ఉండి మాకు టికెట్టేమిట్రా?" అని మేనత్త అడ్డం తిరిగింది.

"టికెట్టు లేకపోతే లెక్కలోకి రావత్తా," అని సర్దిచెప్పాడు మాస్టరు. తర్వాత గొంతు సవరించుకుని అసలు మాట ఎత్తాడు. "నా కోసం రావొద్దు. నాదేముంది, ఇక్కడ కాకపోతే ఇంకో చోట జెండా ఊపుకుంటాను. ఆ ఆసుపత్రిలో చేసే ఆవిడ సంగతి ఆలోచించండి. మగతోడు లేని మనిషి. చూపు సరిగ్గా లేని అన్నని చూసుకుంటోంది. ఇన్నేళ్ళకి పర్మినెంటు కాబోతోంది. ఈ బండి పోతే ఆ ఉద్యోగం ఏం కావాలి? అలాంటివాళ్ళ కోసం మనం మూడు పొద్దులు లేవలేమా?"

తన మంచితనానికి తనే కరిగిపోయే మనుషుల్లో ఆయన ఒకడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. మేనత్త టికెట్టు కొనుక్కోవడానికి ఒప్పుకుంది. ఈ విషయం ఎక్కడా పొక్కకూడదని మాస్టరు మరీ మరీ చెప్పాడు. మైకు ఉన్న చోట ఆ మాట చెప్పడం ఎంత దండగో ఆయనకు తట్టలేదు.

మొదటి రోజు బండి బాగానే నిండింది. కమిటీ తరఫున ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. ప్లాట్‌ఫారం మీద కాళ్ళున్న కెమెరా నిలబెట్టి, చేతుల్లో పలకల్లాంటి యంత్రాలు పట్టుకుని ఏవో నొక్కుతూ నిలబడ్డారు. మాస్టరు వాళ్ళకు టీలు తెప్పించాడు, కుర్చీలు వేయించాడు. "మాకు రోజూ ఇదే గోల బాబూ, కాలు పెట్టడానికి చోటుండదు," అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. వాళ్ళు మర్యాదగా తలూపి అది కూడా నొక్కుకున్నారు.

రెండో రోజు కొత్త మొహాలు కనిపించాయి. మైకు నోరు ఊరుకోలేదని అర్థమైంది. మూడో రోజు ఊరు ఊరంతా కదిలింది. బండిని బతికించడమంటే అదో సరదా అయిపోయింది జనానికి. డబ్బాల్లో తిండి, సీసాల్లో నీళ్ళు, నడుముకు దిండ్లు, పేకముక్కలతో సహా దిగారు. మేనత్త బండి ఆగీ ఆగకముందే ఎక్కి మొదటి పెట్టెలో రెండు సీట్లు ఆక్రమించింది. మాస్టరు భార్య చివరి పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంది. బండి వేళ దాటిపోతున్నా ఎక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు. తలుపుల్లో మనుషులు వేలాడుతున్నారు. మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆసుపత్రావిడ మామూలుగానే అందరికన్నా ముందు వచ్చి బెంచీ మీద కూర్చుంది. బండి రాగానే లేచింది. కానీ ఆమె రోజూ ఎక్కే తలుపు దగ్గర అప్పటికే నలుగురు మగవాళ్ళు ఇరుక్కుని ఉన్నారు. పక్క తలుపుకు పోయింది. అక్కడ మూటలు. ఆ తర్వాతి తలుపు దగ్గరికి పరిగెత్తింది. అక్కడ మైకు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు.

"కొంచెం జరుగు తమ్ముడూ, నాకు డ్యూటీ ఉంది," అంది.

"పక్క పెట్టె చూడక్కా, ఇక్కడ గాలి కూడా దూరట్లేదు," అన్నాడు మైకు. వాడు దిగితే ఆమె ఎక్కొచ్చు. కానీ దిగితే ఒక తల తగ్గుతుంది కదా. ఎవరి కోసం ఎక్కాడో ఆమెనే పొమ్మంటున్నానని వాడికి తోచలేదు. పెట్టెల నిండా ఉన్నవాళ్ళెవరికీ తోచలేదు.

ఆమె ప్లాట్‌ఫారం చివరికి పోయి, వెనక్కి తిరిగి, మాస్టరును చూసి చెయ్యెత్తింది. "మాస్టరుగారూ! ఒక్క నిమిషం ఆపండి! ఎవరినైనా దిగమనండి!"

ఆయన విన్నాడు, చూశాడు కూడా. కుర్రవాళ్ళిద్దరూ గడియారం వైపు చూసి ఏదో నొక్కుతున్నారు. బండి ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకా ఆగితే ఇది కూడా రాసుకుంటారన్న భయం ఆయన్ను పట్టుకుంది. ఒకరిద్దరిని కిందికి దింపడానికి ఎంతసేపు పడుతుంది? తన చుట్టాలే. దిగండిరా అంటే దిగేవాళ్ళు. ఆయన ఆమె ముఖంలోకి చూస్తూనే పచ్చజెండా విప్పాడు.

బండి కదిలింది. మాస్టరు భార్య కిటికీలోంచి తల బయటపెట్టి, ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడ్డ మనిషిని చూసింది. జెండా చుడుతున్న భర్తను చూసింది. బండి మలుపు తిరిగేదాకా ఆ తల లోపలికి పోలేదు.

"బస్సు పట్టుకో అమ్మా, ఇప్పుడే పోతే దొరుకుతుంది," అన్నాడు మాస్టరు దగ్గరికి వచ్చి. బస్సు ఎప్పుడు చేరుతుందో ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని పరుగులాంటి నడకతో బయటికి పోయింది.

ఆ రోజు నుంచీ మాస్టరుకు అన్నం సయించలేదు. ఆమె ప్లాట్‌ఫారం మీదికి వస్తే ఆయన ఆఫీసులోకి పోయేవాడు. ఆమె నేరుగా చూసినా తప్పించుకునేవాడు, చూడకపోయినా బాధపడేవాడు. సిగ్గు అనేది ఒకసారి వచ్చి పోయేది కాదని, అద్దెకు దిగినట్టు ఇంట్లోనే ఉండిపోతుందని ఆయనకు ఈ వయసులో తెలిసింది. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో కళ్ళు కలపకుండా గీసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

చివరికి ఆమే ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ రోజు మొదటి ఆపరేషను ఆగిపోయిందండీ నా వల్ల," అంది. "మా హెడ్ నర్సు నా ఆర్డరు ఆపేసింది. నేను టైముకే వచ్చాను, జనం ఎక్కనివ్వలేదంటే నమ్మట్లేదు. ఆ ఖాళీ బండిలో చోటు లేకపోవడమేంటని నవ్వింది. మీరు ఒక్క మాట చెబితే నమ్ముతుందండీ. ఆమె నిలబడే ఉంది, చోటు లేక బండి వదిలేసిపోయింది, అని చెబితే చాలు."

మాస్టరు బల్ల మీది రిజిస్టరు తెరిచి, మళ్ళీ మూశాడు. చెబితే తర్వాత ప్రశ్న వస్తుంది. అంత జనం ఎక్కడివాళ్ళని అడుగుతారు. ఆమెను చూసి కూడా జెండా ఎందుకు ఊపావని అడుగుతారు. మాట పైకి పోతుంది, కమిటీ దాకా పోతుంది.

"చెబుతానమ్మా, చెప్పకుండా ఎక్కడికి పోతాను? ముందు ఈ కమిటీ మీటింగు కానీ. నువ్వు కూడా రావాలి. బండి కావాలని నాలుగు మాటలు చెప్పాలి."

"వస్తానండి. ఈ బండి లేకపోతే నాకు ఆ టెంపరరీ పని కూడా ఉండదు," అంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "ఆ రోజు తలుపులో మీ బావమరిదిగారే ఉన్నారండీ."

అంతే అంది. నిలదీయలేదు, గొంతు పెంచలేదు. ఆయన కాగితాల కోసం వెతుకుతున్నట్టు సొరుగు లాగి అందులోకి తల దించేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య అడిగింది. "ఆవిడ అడిగిన మాట చెప్పేస్తే ఏం పోతుంది?"

"ఏం పోతుందా? నా ఉద్యోగం పోతుంది. బండి పోతుంది."

"ఆవిడ కోసమే బండి అన్నారుగా, ఆ రోజు అందరి ముందూ."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

టౌన్ హాల్లో కమిటీ మీటింగుకు జనం విరగబడి వచ్చారు. వేదిక మీద కమిటీ అధ్యక్షుడు, ఆయనకు చెరోవైపు సభ్యులు. ముందు వరసలో పై ఆఫీసరు, ఆయన పక్కన మాస్టరు. ఈ దారిలో సిబ్బంది వచ్చిపోతుంటారు కాబట్టి ఆసుపత్రి తరఫున హెడ్ నర్సు కూడా వచ్చి రెండో వరసలో కూర్చుంది. ఆసుపత్రావిడ వెనకెక్కడో గోడ పక్కన ఉంది. ఆమె ఎక్కడుందో మాస్టరు వెనక్కి తిరగకుండానే కనిపెట్టాడు, లోపలికి వస్తున్నప్పుడే అటు చూడకూడదని గుర్తు పెట్టుకున్నాడు.

మొదట్లో గాలి రైలు వైపే వీచింది. గొట్టం కంపెనీ తరఫున వచ్చిన యువ ఇంజినీరు, మృదువుగా మాట్లాడే అమ్మాయి, తెర మీద బొమ్మలు చూపిస్తూ వేగం గురించి చెప్పింది. ఒక పెద్దాయన లేచి, "ఇదంతా బాగుందమ్మా, ఇంతకీ ఆ గొట్టం మన ఊళ్ళో ఆగుతుందా?" అని అడిగాడు. రెండో దశలో ఆలోచిస్తామంది ఆ అమ్మాయి. హాలంతా గొల్లుమంది. "అంటే మనం కింద నిలబడి టాటా చెప్పాలన్నమాట," అని మైకు అరిచాడు. పై ఆఫీసరు లేచి, పట్టాలు బాగుచేస్తే ఇదే బండి సగం వేళలో పోతుందని, పెట్టె ఒక్కంటికి గొట్టం కన్నా ఎక్కువమందిని మోస్తుందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. మాస్టరు కూడా కొట్టాడు. చాలా రోజుల తర్వాత గుండె కొంచెం తేలికపడింది.

"ఇక కమిటీ మాకప్పగించిన పరిశీలన చూపిస్తాం," అంది ఇంజినీరు అమ్మాయి. "ముందుగా స్టేషన్ మాస్టరుగారికి కృతజ్ఞతలు. మా వాళ్ళను చాలా బాగా చూసుకున్నారు."

తెర మీద ఆయన స్టేషను వచ్చింది. తలుపుల్లో వేలాడుతున్న మనుషులు, మూటలు, కిటికీల్లోంచి బయటికొచ్చిన మోచేతులు. పక్కన అంకెలు. వాళ్ళు తలకాయలు లెక్కపెట్టలేదు. ఎంతమంది నిలబడి పోతున్నారో, ఎక్కడానికి ఎంతసేపు పడుతోందో, బండి ఎంత ఆలస్యంగా కదులుతోందో లెక్కపెట్టారు. "ఇది మా మాట కాదు, మాస్టరుగారే చెప్పారు," అంటూ, రోజూ ఇదే గోల, కాలు పెట్టడానికి చోటుండదు అన్న ఆయన మాటల్ని పెద్ద అక్షరాల్లో చూపించింది. ఈ రైలు ఈ జనాన్ని మోయలేదని ఆ మూడు రోజులూ రుజువు చేస్తున్నాయంది.

మాస్టరుకు తల కొట్టేసినట్టయింది. ఎంత పప్పులో కాలేశానో అని అనుకోవడానికి కూడా వ్యవధి లేదు. తెర మీద ఇప్పుడు ఒక ఆడమనిషి తలుపు నుంచి తలుపుకు పరిగెడుతోంది. వెనక్కి తిరిగి చెయ్యెత్తింది. కెమెరాకు ఆమె వీపు, ఎత్తిన చెయ్యి మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె ఎవరి వైపు చెయ్యెత్తిందో ఆ చట్రంలో లేదు. బండి కదిలింది. ఆమె అక్కడే నిలబడిపోయింది.

ఆ పెట్టెల్లో ఎక్కినవాళ్ళందరూ ఈ హాల్లోనే ఉన్నారు. మేనత్త తల దించుకుంది. మైకు మొదటిసారి నోరు మూసుకున్నాడు. తోడల్లుడు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. పక్కనున్న పై ఆఫీసరు, "రోజూ ఇంత జనమైతే ఒక్కసారైనా నాకెందుకు చెప్పలేదయ్యా?" అని పళ్ళ మధ్యనుంచి అడిగాడు.

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "జనం ఎక్కువైతే పెట్టెలు పెంచుకోవచ్చు. అది పెద్ద సమస్య కాదు. కానీ వేళకు వచ్చిన మనిషిని ప్లాట్‌ఫారం మీద వదిలేసి పోయే బండిని నిలబెట్టమని నేను రాయలేను. ఆ అమ్మ ఎవరో ఇక్కడున్నారా?"

వెనక గోడ దగ్గర అలికిడైంది.

"నేనేనండి," అంది ఆసుపత్రావిడ.

"మీరు వేళకే వచ్చారా అమ్మా? చోటు లేక వదిలేశారా?"

మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడామె నిజం చెబుతుంది. చెప్పాలి కూడా. హెడ్ నర్సు ఎదురుగానే ఉంది, అందరి ముందూ ఈ ఒక్క ముక్క చెబితే ఆమె ఆర్డరు ఆమెకు వచ్చేస్తుంది. తను పది రోజులుగా దాచిన మాట ఆమే చెప్పుకుంటుంది. తన పరువు పోతుంది, పోవలసిందే. ఒక్క క్షణం ఆయనకు అది హాయిగా కూడా అనిపించింది.

"లేదండి," అంది ఆమె. "బండి తప్పేం లేదు. నేనే ఆలస్యంగా వచ్చాను."

రెండో వరసలో హెడ్ నర్సు వెనక్కి తిరిగి చూసింది. "మరి నాతో అలా చెప్పావేం?" అని ఆమె పెదవులు కదలడం చాలామంది చూశారు. ఆసుపత్రావిడ ఆ వైపు చూడలేదు. తెల్లబడ్డ వేళ్ళతో సంచీ పట్టీ గట్టిగా పట్టుకుని నిలబడింది.

ఇంజినీరు అమ్మాయి లేచింది. "కానీ ఆమె ముందే వచ్చినట్టు మావాళ్ళు..."

"మీవాళ్ళు చూసింది మూడు రోజులు," అన్నాడు అధ్యక్షుడు. "రోజూ చూసే మనిషి ఇక్కడే ఉన్నాడు." ముందు వరస వైపు తిరిగాడు. "మాస్టరుగారూ, మీరు చెప్పండి. ఆమె ఆలస్యంగా వచ్చిందా?"

మాస్టరు లేచి నిలబడ్డాడు. కాదండి, ఆమె బండి కన్నా ముందే వచ్చింది, ఎక్కినవాళ్ళంతా నా మనుషులు, ఆమెను చూసి కూడా జెండా ఊపింది నేనే. ఇన్ని మాటలూ వరసగా నాలుక మీదికి వచ్చాయి. పై ఆఫీసరు చొక్కా అంచు పట్టి లాగాడు. పక్క వరసలో భార్య ఆయన్నే చూస్తోంది. రెప్ప వేయడం లేదు.

"అవునండి," అన్నాడు మాస్టరు. "ఆలస్యంగానే వచ్చింది."

వెనకెవరో, "ఇల్లు సర్దుకుని బయల్దేరేసరికి ఆడవాళ్ళకి తెల్లారిపోతుంది లెండి," అన్నాడు. నవ్వులు లేచాయి. బిగుసుకున్న హాలు ఒక్కసారి వదులైంది. మైకు ఊపిరి వదిలిన చప్పుడు ముందు వరసకు కూడా వినిపించింది. అధ్యక్షుడు కళ్ళద్దాలు పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. ఇంజినీరు అమ్మాయి తన కాగితాలు సర్దుకుంది, ఆమె మొహంలో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

మీటింగు ముగిసింది. పై ఆఫీసరు మాస్టరు భుజం తట్టి, "ఒక్క మాటతో గట్టెక్కించావయ్యా," అన్నాడు. చుట్టాలు చుట్టుముట్టారు. బాబాయి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మాస్టరు అందరికీ నవ్వు మొహం చూపించాలని చూశాడు గానీ మొహం మాట వినలేదు. భార్య కోసం వెతికాడు. ఆమె అప్పటికే జనాన్ని తోసుకుంటూ వెనక గోడ వైపు పోతోంది. ఆసుపత్రావిడ చెయ్యి పట్టుకుని ఏదో అంటోంది, ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

ఇద్దరూ కలిసి తలుపు వైపు వచ్చారు. దారి మధ్యలో మాస్టరు ఉన్నాడు, పక్కకు తప్పుకుందామంటే చుట్టూ తన మనుషులే. భార్య ఆయన్ను చూడకుండా దాటిపోయింది. ఆసుపత్రావిడ మాత్రం ఆగింది. ఆమె ముఖంలో కోపం ఉందేమోనని ఆయన వెతికాడు, ఉంటే బాగుండునని కోరుకున్నాడు. లేదు.

"రేపటి నుంచి బండిలో చోటుంటుంది కదండీ?" అని అడిగింది.

"ఉంటుందమ్మా," అన్నాడు ఆయన, నేల చూస్తూ.